సౌర తుఫాను మోడల్‌ను చౌటుప్పల్ కొలతలతో సరిచూడండి

సౌర తుఫానులో భూమి అయస్కాంత క్షేత్రం ఎంత తగ్గిందో నానోటెస్లాల్లో (అయస్కాంత క్షేత్రపు కొలమానం) చెప్పేది డీఎస్‌టీ సూచీ. గంట తర్వాతి డీఎస్‌టీని చెప్పే మోడల్‌కు కోరిలేషన్ (అసలు, అంచనా విలువలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే సంఖ్య) 0.95 వచ్చిందంటే అప్పుడే సంబరపడొద్దు. అసలు గీత, అంచనా గీత ఒకే గ్రాఫ్‌లో వేసి తుఫాను మొదలైన చోట పెద్దగా చేసి చూడండి. అంచనా గీత గంటసేపు కుడికి జరిగి ఉంటే మోడల్ పోయిన గంట విలువనే అప్పజెబుతోంది. అందుకే ముందు ‘ఇప్పటి విలువే వచ్చే గంటకూ’ అన్న లెక్కనూ, సౌర పవనం (సూర్యుడి నుంచి వచ్చే ఆవేశిత కణాల ప్రవాహం) కొలతల నుంచి డీఎస్‌టీని లెక్కగట్టే 1975 నాటి బర్టన్ సమీకరణాన్నీ పోటీకి పెట్టాలి. బర్టన్‌కు కావాల్సింది సౌర పవన వేగం, సాంద్రత, దక్షిణం వైపు తిరిగిన బీజెడ్ (పవనం మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రపు ఉత్తర దక్షిణ భాగం). సెకనుకు 500 కిలోమీటర్ల వేగానికి 10 నానోటెస్లాల దక్షిణ బీజెడ్ తోడైతే విద్యుత్ క్షేత్రం మీటరుకు 5 మిల్లీవోల్టులు. బీజెడ్ ఉత్తరానికి ఉంటే ఎంత వేగమున్నా పెద్ద తుఫాను రాదు. కాలమ్ తీసుకునేటప్పుడు భూమి కక్ష్యతలాన్ని బట్టి కొలిచే జీఎస్‌ఈ కాదు, భూమి అయస్కాంత అక్షాన్ని బట్టి కొలిచే జీఎస్‌ఎం బీజెడ్ తీసుకోండి.

సౌర పవన కొలతలను గంటకొకటిగా ఇచ్చే నాసా ఓమ్ని ఫైల్‌లో బీజెడ్ లేనిచోట 999.9, వేగం లేనిచోట 9999 ఉంటాయి. వాటిని తీసేయకుండా స్కేలింగ్ (విలువలన్నిటినీ ఒకే చిన్న పరిధిలోకి కుదించడం) చేస్తే అసలు కొలతలన్నీ ఒక మూలకు నలిగిపోతాయి. అంతకన్నా పెద్ద చిక్కు ఏమంటే, ఖాళీలు తుఫాను వేళల్లోనే వస్తాయి. 2003 అక్టోబర్ చివర్లో ప్రోటాన్ల వర్షానికి సౌర పవనాన్ని కొలిచే ఏస్ అంతరిక్ష నౌకలోని ప్లాస్మా పరికరం సరిగ్గా కొలవలేకపోయింది. అలాంటి ఖాళీని సరళరేఖతో పూడిస్తే నేర్పాల్సిన తుఫానునే చెరిపేసినట్టు. కొలత ఉందో లేదో చెప్పే 0, 1ల కాలమ్ ఒకటి అదనంగా ఇవ్వండి.

డేటాను ట్రైన్ (మోడల్‌కు నేర్పేది), టెస్ట్ (పరీక్షించేది) భాగాలుగా ర్యాండమ్‌గా విడగొట్టొద్దు. పక్కపక్క గంటలు దాదాపు ఒకటే కాబట్టి జవాబు ముందే లీకవుతుంది. 2024 మే 10, 11 తుఫాను లాంటివాటిని టెస్ట్ కోసం మొత్తంగా పక్కనపెట్టండి. డీఎస్‌టీ మైనస్ 100 నానోటెస్లాల కంటే కిందికి పడే గంటలు చాలా తక్కువ, వాటి లోపాన్ని విడిగా చూపకపోతే సగటు లోపం మోసం చేస్తుంది.

ఏస్ లాంటి నౌకలు కొలతలు తీసే ఎల్1 బిందువు సూర్యుడి వైపు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. సెకనుకు 400 కిలోమీటర్ల పవనానికి గంట పైచిలుకు, 800కి అరగంట. ఆరు గంటల ముందే తుఫాను మొదలు చెప్పాలంటే ఎల్1 కొలతలొక్కటే చాలవు, సూర్యుడి బొమ్మలు కావాలి. నిమిషాల ఓమ్ని డేటాను భూమి ముందరి షాక్ (సౌర పవనం భూమి అయస్కాంత క్షేత్రాన్ని ఢీకొనే చోటు) దాకా ముందే జరిపి ఇస్తారు, ఆ సమయాన్ని మీ ముందస్తు గడువులో కలిపి లెక్కేయొద్దు.

చివరి పరీక్ష మన దగ్గరే ఉంది. విజయవాడ హైవే మీది చౌటుప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) భూ అయస్కాంత పరిశీలన కేంద్రం నడుపుతోంది. అక్కడ కొలిచే హెచ్ భాగం (అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం) తుఫానులో డీఎస్‌టీతో పాటే పడుతుంది. అయితే ఎండ వేళ మామూలు రోజుల్లోనూ అది పదుల నానోటెస్లాలు కదులుతుంది. ఆ నెలలో అయస్కాంతపరంగా నెమ్మదైన అయిదు రోజుల సగటును గంటగంటకూ తీసేశాకే మీ అంచనాతో పోల్చండి.