కవరు, గొడుగు, తొడుగు

"నా సైకిల్ సీటుకి ఒక కవరు కావాలి నాన్నా" అని మా తొమ్మిదేళ్ళ అమ్మాయి అడిగినప్పుడు, వంటగదిలో మడిచిపెట్టిన ప్లాస్టిక్ సంచుల్లోంచి ఒకటి తీసి ఇచ్చాను. తెలుగులో పెరిగిన నాకు కవరంటే ముందు గుర్తుకొచ్చేది సంచి. అదే మాటను బడిలో ఇంగ్లీషుగా నేర్చుకున్న తనకు అది కప్పి కాపాడే వస్తువు. ఇద్దరం ఒకే మాట అన్నాం, ఇద్దరం వేర్వేరు వస్తువులను తలచుకున్నాం. ఒక్కరోజు ఆ సంచిని సీటుకు ముడివేసుకుని వెళ్ళి, మర్నాడు వేయనంది. సైకిళ్ళ వరుసలో తన సీటొక్కటే సంచి కప్పుకుని నిలబడడం నచ్చలేదట. తెలుగు రానివాళ్ళ మధ్య తన పేరు పలికించడం దగ్గరే రోజూ అందరికంటే వేరుగా నిలబడవలసివస్తున్న పిల్ల, సీటు దగ్గర కూడా అలాగే ఉండాలని ఎందుకు కోరుకుంటుంది?

అంతకుముందు రెండుసార్లు బట్టలు తడుపుకుని వచ్చినప్పుడు, సీటు తుడుచుకోకుండా కూర్చున్నావని మందలించాను. తను తుడిచే కూర్చుంది, తప్పు నాది. సీటు పైపొర నీటిని చాలావరకు ఆపుతుంది కాని, కుట్ల రంధ్రాల గుండా, చిన్న చిరుగుల గుండా లోపలికి దిగిన నీటిని అడుగునున్న ఫోమ్ స్పాంజిలా పీల్చుకుంటుంది. పైన ఎంత పొడిగా తుడిచినా, మనిషి బరువు పడగానే ఆ నీరు వచ్చిన దారినే తిరిగి పైకి వస్తుంది. అందువల్ల తొడుగు వేయవలసింది వాన వెలిశాక కాదు, సైకిల్ నిలిపిన వెంటనే.

ఈసారి కొనబోయేముందు తొడుగుల మీద రాసి ఉండే అంకెలను చదివాను. 1,500 మి.మీ. అని ఉంటే, అంత ఎత్తు నీటి స్తంభం పెట్టే ఒత్తిడి వరకు ఆ గుడ్డ నీటిని ఆపుతుందని అర్థం. ఊరికే పడే వానకు అది చాలు. దానిమీదే కూర్చుంటే లెక్క మారుతుంది: 30 కిలోల పిల్ల బరువంతా 200 చదరపు సెంటీమీటర్ల మీద పడిందనుకుంటే, ఒక్కో చదరపు సెంటీమీటరుకు 150 గ్రాములు, అంటే సరిగ్గా ఆ 1,500 మి.మీ. నీటి ఒత్తిడే. కొంత బరువును పెడళ్ళు, హ్యాండిల్ మోస్తాయన్న మాట నిజమే. అయితే మిగిలిన బరువు సీటంతా సమానంగా పరుచుకోదు, కూర్చునే ఎముకల కింద ఎక్కువగా పడుతుంది. కనుక తీయకుండా తొక్కేవారికి అంతకంటే పెద్ద అంకె కావాలి, లోపలివైపు కుట్లమీద టేపు అతికించి ఉండాలి. గుడ్డ ఎంత మంచిదైనా సూది గుచ్చిన చోట కన్నమే కదా. మేము మాత్రం తీసి తొక్కే పద్ధతికే మొగ్గాం, ఎందుకంటే నున్నటి తొడుగు మీద పిల్లలు ముందుకు జారుతారు.

మా అమ్మాయికి తొడుగు అన్న మాట నోటికి రాక "సీటు గొడుగు" అనేది. మొదట నవ్వి సరిదిద్దాను కాని, అంగట్లో నిలబడి చూస్తే అక్కడ వేలాడుతున్నవాటిలో సగం నిజంగా గొడుగులే: పైన కప్పి, పక్కల కాస్త దిగి, అడుగును గాలికి వదిలేసినవి. సైకిల్ ఆరుబయట నిలిపి ఉన్నంతసేపు వాటితో పని జరుగుతుంది. తీసి తొక్కేటప్పుడు ఎలాగూ అవి ఉండవు కాబట్టి, వెనుక చక్రం చిమ్మే నీటిని ఆపవలసింది మడ్‌గార్డే. అయినా గాలికి ఎగిరిపోకుండా అంచు సీటు కిందికి మడతపడి, ఎలాస్టిక్‌తో బిగుసుకునేది తీసుకున్నాం. లాగి ముడివేసే తాడున్నవాటిని వద్దన్నాను. వేలాడే కొస చక్రంలో చిక్కుకుంటుందన్న భయం నాది. సీటు పొడవు, వెడల్పు ముందే టేపుతో కొలుచుకుని వెళ్ళడం మంచిదైంది, పెద్దల కొలత చిన్న సీటు మీద ముడతలు పడి, ఆ ముడతల్లో నీళ్ళు నిలుస్తాయి. సీటు కిందున్న వెనుక దీపాన్ని అది కప్పేయకుండా కూడా చూసుకోవాలి.

తోలు సీటుల సంగతి వేరు. గాలి ఆడని తొడుగు వాటిమీద రోజుల తరబడి ఉంటే బూజు పడుతుంది. మాది తోలు కాకపోయినా, తడిసిన సీటు మీద తొడుగు వేయవద్దని, ఇంటికి రాగానే దాన్ని తిరగేసి ఆరబెట్టమని చెప్పాను. మొదటిది మరిచిపోతోంది, రెండవది చేస్తోంది.

రంగు తనే ఎంచుకుంది: నలుపు, వరుసలో చాలామందికి ఉన్నటువంటిదే. ఇంటికొచ్చాక మాత్రం, లోపలివైపు తన పేరు తెలుగులో రాసిపెట్టమని మార్కర్ తెచ్చి ఇచ్చింది. అలా రాస్తే బడిలో ఇంకెవరూ అది తమదని చెప్పుకోలేరట.