మా చిన్న రైలు

శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపూర్ దాకా నడిచిన చిన్న రైలును అట్టతో, ప్లాస్టిక్ షీటుతో బొమ్మగా మళ్లీ కడుతున్నాను. ఇవాళ రెండో పెట్టె పైకప్పు అతికింది. చాలా ఆనందంగా ఉంది!

1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి పర్లాకిమిడికి వేయించిన లైను ఇది. తర్వాత గుణుపూర్ దాకా పెంచారు. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే, అంటే 762 మిల్లీమీటర్లు. నా బొమ్మ అసలు రైలులో 87వ వంతు. పట్టాల దూరాన్నీ అలాగే తగ్గిస్తే 9 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వస్తుంది. బజార్లో దొరికే 9 మిల్లీమీటర్ల మోడల్ ట్రాకు దీనికి చక్కగా సరిపోతుంది.

కష్టమంతా కిటికీల దగ్గరే. ఈ లెక్కన ఐదున్నర అడుగుల మనిషి 19 మిల్లీమీటర్లే ఉంటాడు, ఇక ఆయన చెయ్యి పెట్టుకునే కిటికీ ఎంతుంటుందో చూడండి. కొత్త బ్లేడుతో ఒకే గీతను నాలుగైదుసార్లు మెల్లగా లాగాలి. ఒక్కసారే గట్టిగా నొక్కితే అట్ట అంచు పీచులు లేస్తుంది, రంగు వేశాక అదే కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఇంజిన్ బొమ్మలు చాలామంది చేస్తారు. నాకు మాత్రం పెట్టెలే ముఖ్యం, మనవాళ్లు ఎక్కింది వాటిలోనే కదా. టెక్కలి, టెంబూరు, పాతపట్నం జనం ఈ రైల్లోనే తిరిగేవారు. 2004లో బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) పనుల కోసం ఆపేశారు. ఇప్పుడు పెద్ద రైలు వస్తోంది, మంచిదే. కానీ ఆ చిన్న పెట్టెలు ఎలా ఉండేవో మన పిల్లలకు చూపించాలి.

తర్వాత పాతపట్నం స్టేషన్ కడతాను. పాత ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పంపండి. పెళ్లి ఫొటో వెనకాల ప్లాట్‌ఫాం కాస్త కనబడినా చాలు.