నల్లమలకు పోవడానికి ఆ ఇద్దరికి మాత్రమే బాండు పేపరు

మొన్న శనివారం మా పాఠశాల పిల్లలు ముప్పై ఇద్దరిని నల్లమల అడవికి తీసుకుపోయి క్షేమంగా తిరిగి వచ్చాను. ఆ ముప్పై ఇద్దరిలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె చక్రాల కుర్చీలో తిరుగుతుంది, తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడికి చూపు లేదు. కుర్చీ చక్రాలకు పట్టిన మట్టి ఇంకా పూర్తిగా రాలక ముందే ఈ సంగతి రాసిపెట్టాలనుకున్నాను, ఎందుకంటే నాలుగు రోజులు గడిస్తే నేను కూడా అందరిలాగే "అంతా బాగా జరిగింది" అని చెప్పడం మొదలుపెడతాను.

నేను పాత పాలమూరు జిల్లాలో ఒక గ్రామ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ప్రధానోపాధ్యాయుడు అడిగిన రోజునే ఒప్పుకున్నారు. డబ్బు పిల్లల నుంచి కొంత, ఉపాధ్యాయుల నుంచి కొంత సమకూరింది. బస్సు యజమాని మా పూర్వ విద్యార్థే కనుక కుర్చీ పెట్టుకోవడానికి వెనుక సీట్లు రెండు విప్పించి ఇచ్చాడు.

ఎక్కడికి పోవాలన్నదే కొంత చర్చ అయింది. తోటి ఉపాధ్యాయులు చాలామంది మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రికి పోదామన్నారు. అక్కడ నేల చదునుగా ఉంటుంది, ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే మర్రి ఉంది, ఒక్క రోజులో అయిపోయే పని. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే 2018లో ఆ చెట్టుకు సీసాల నుంచి గొట్టాల ద్వారా బొట్టుబొట్టుగా మందు ఎక్కించారని నేను తరగతిలో చెప్పినప్పుడు, కుర్చీ అమ్మాయి "దానికి గూడ సెలైన్ పెట్టిండ్రా మేడమ్?" అని నవ్వింది. చిన్ననాటి నుంచి ఆసుపత్రులు చూసిన పిల్ల. అయితే పిల్లలకు కావలసింది ఒక చెట్టు కాదు, అడవి. మల్లెలతీర్థం జలపాతానికి మూడు వందలకు పైగా మెట్లు దిగాలి కాబట్టి దానిని పక్కన పెట్టి, వాహనంలోనే లోపలికి పోగలిగిన ఫర్హాబాద్ వ్యూ పాయింటును ఎంచుకున్నాము. వానాకాలంలో అక్కడి అమ్రాబాద్ పులుల అభయారణ్యం మూసి ఉంటుంది కాబట్టి జనవరి సరైన సమయమని కూడా అనుకున్నాము.

ఇక్కడి వరకు రెండు రోజుల పని. ఆ తరువాతి పదకొండు రోజులు అనుమతి పత్రం ఒక్కదానికే పోయాయి.

ఆ పత్రం ఇవ్వవలసినది ఏ శాఖ కార్యాలయమో, ఏ ఊళ్లో ఉందో చెప్పను. దరఖాస్తుతో పాటు పిల్లల జాబితా ఇచ్చినప్పుడు, తగిన సదుపాయాలు చూసుకోవడానికి పనికివస్తుందని, చివరి గడిలో ఆ ఇద్దరి పేర్ల ఎదుట వారి పరిస్థితి నేనే స్వయంగా రాశాను. మూడు రోజుల తరువాత పోతే ఆ జాబితా నాకు తిరిగి ఇచ్చారు. ఆ రెండు పేర్ల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ల నకళ్లు తెమ్మన్నారు, తెచ్చాను. అడవికి పోవడానికి ఆరోగ్యం సరిపోతుందని వైద్యుడి చేత రాయించుకుని రమ్మన్నారు, అదీ తెచ్చాను. మూడోసారి, ఏమైనా జరిగితే ఎవరినీ బాధ్యులను చేయబోమని ఆ ఇద్దరి తల్లిదండ్రులు వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి, స్వయంగా వచ్చి సంతకం పెట్టాలన్నారు. మిగిలిన ముప్పై మంది సంగతి ఎవరూ అడగలేదు.

అడవిలో జాగ్రత్త అవసరం లేదని నేను అనడం లేదు. అమ్రాబాద్ అభయారణ్యం రెండు వేల ఆరు వందల చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి, అందులో పులులున్నాయి, చిరుతలున్నాయి, ఎలుగుబంట్లున్నాయి. ముప్పై రెండు మందికీ హామీ పత్రాలు అడిగి ఉంటే మారు మాట్లాడకుండా తెచ్చి ఇచ్చేదాన్ని. నిజానికి ఆ శనివారం దెబ్బ తగిలింది ఎవరికంటే, ఏ సర్టిఫికెట్టూ అడగని మా కబడ్డీ ఆటగాడికి. బస్సు మెట్ల మీద నుంచి దూకి మడమ బెణికించుకున్నాడు.

స్టాంపు పేపర్లు రెండు కొని, అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని నాలుగోసారి పోయాను. ఆమె పల్లికాయ పీకే పనికి పోవలసిన రోజు, కూలి వదులుకుని వచ్చింది. పదిన్నర నుంచి ఒంటి గంట దాకా వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. లోపలికి పిలిచిన తరువాత అధికారి ఆమె వైపు చూడకుండా నాతో, "గీ పిల్లను అడవికి తోల్కపోయి ఏం జేస్తరు మేడమ్? టీవీల సూపియ్యరాదా? ఏమన్నయితే మా మెడకు సుట్టుకుంటది" అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. "మీకు పేపర్ల పేరు రావాల్నని ఉన్నట్టుంది" అని కూడా అన్నాడు. పక్కనున్న గుమస్తా నవ్వాడు.

పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో పదహారు విహారయాత్రలు నడిపిన మనిషిని, ఒక్క పిల్ల తప్పిపోలేదు, ఒక్క పిల్లకు ఎండదెబ్బ తగలలేదు. ఆ మాట అతనితో గట్టిగా అనవలసింది. అనలేదు. నాలుగుసార్లు తిరిగిన అలసటో, ఆ నవ్వుకు కలిగిన సిగ్గో, "సరే సార్, ఆ రెండు పేర్లు తీసేసి కొత్త జాబితా ఇస్తాను, మిగిలిన పిల్లలకైనా ఇవ్వండి" అని నా నోటితో నేనే అన్నాను. అధికారి మాటల కంటే ఈ వాక్యమే నన్ను ఇప్పటికీ నిద్ర పోనివ్వడం లేదు. తల్లి నా పక్కనే నిలబడి ఉంది.

బస్టాండు దాకా ఇద్దరమూ మాట్లాడుకోలేదు. బస్సు వచ్చే ముందు ఆమె, "తీసేస్తే తీసేయుండ్రి మేడమ్. గనీ ఆ మాట దానికి నేను చెప్ప. మీరే చెప్పుండ్రి" అన్నది.

చెప్పలేకపోయాను. ఆ రాత్రి 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తీసి చదివాను. 1995 చట్టంలో ఉన్న ఏడు వైకల్యాలు ఇందులో 21 అయ్యాయని, వాటి పేర్లన్నీ ఒక శిక్షణలో మా చేత బట్టీ పట్టించారు. అదే చట్టం 16వ సెక్షనులో, విద్యాసంస్థలు దివ్యాంగులైన పిల్లలకు చదువుతో పాటు ఆటలలో, వినోద కార్యక్రమాలలో కూడా తక్కిన వారితో సమానంగా అవకాశం ఇవ్వాలని ఉన్న సంగతి మాత్రం ఆ శిక్షణలో ఎవరూ చెప్పలేదు. మా బడిలో ర్యాంపు ఉంది, నిజమే. అది ఎన్నికలలో పోలింగు కేంద్రం కోసం వేసింది. పోలింగు జరిగే గదికే పోతుంది, ప్రయోగశాలకు పోదు.

మరునాడు ఒక్క పేజీ ఉత్తరం రాశాను. ఈ ఇద్దరు విద్యార్థులకు మాత్రమే అదనపు పత్రాలు ఏ నిబంధన ప్రకారం కోరుతున్నారో, అనుమతి నిరాకరించే పక్షంలో ఏ కారణంతో నిరాకరిస్తున్నారో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థన అని. బతిమాలలేదు, చట్టం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు, సెక్షను సంఖ్య మాత్రం వేశాను. రెండో ప్రతి మీద అందినట్లు ముద్ర వేసి ఇచ్చే దాకా ఇన్‌వర్డు బల్ల ముందు నుంచి కదలలేదు. మూడో రోజున అనుమతి వచ్చింది, అదనపు షరతు ఒక్కటీ లేదు, అమ్మాయి పేరులో అక్షరం తప్పు మాత్రం ఉంది. దానిని దిద్దించడానికి మళ్లీ ఆ గడప ఎక్కలేదు. ఇటువంటి పనికి పోయే ఉపాధ్యాయులు నోటిమాటగా వచ్చిన "కుదరదు"ను ఒప్పుకోవద్దు, కాగితం మీద పెట్టమని అడగండి. కాదన్నందుకు సంతకం పెట్టడానికి చేయి అంత తొందరగా లేవదు.

అడవిలో మాకు ఎదురైన కష్టాలు వేరు. బస్సు మన్ననూరు దాటిన తరువాత అందరూ నీళ్లు తాగుతుంటే అమ్మాయి తాగలేదు. అడిగితే దాహం లేదన్నది. ఆమె స్నేహితురాలు నా చెవిలో అసలు సంగతి చెప్పింది, మరుగుదొడ్డి ఎట్లా ఉంటుందోనని భయపడి తెల్లవారుజాము నుంచి గుక్కెడు నీళ్లు కూడా ముట్టలేదట. ముప్పై ఇద్దరికి భోజనం లెక్క, మందుల డబ్బా, పాముకాటుకు దగ్గర ఆసుపత్రి, అన్నీ రాసుకున్న నేను ఈ ఒక్కటి రాసుకోలేదు. వెంటనే బస్సు ఆపించి, దారిలో ఒక హోటలు ఆమెను బతిమాలి, వాళ్ల ఇంట్లోని మరుగుదొడ్డికి ఇద్దరం ఎత్తుకుని తీసుకుపోయాము. తిరిగి వచ్చి ఒక సీసా నీళ్లు ఆపకుండా తాగింది. కుర్చీలో తిరిగే పిల్లలను తీసుకుపోయేవారు ముందుగా ఒకరోజు పోయి, దారిలో మరుగుదొడ్డి తలుపు వెడల్పు కొలిచి రావాలి. నేను చేయలేదు.

కుర్చీని మొరం నేల మీద ముందుకు తోస్తే ముందరి చిన్న చక్రాలు దిగబడి ఆగిపోతాయి. వెనుకకు వంచి, పెద్ద చక్రాల మీద, వెనుక నడకన లాగితే సులువుగా వస్తుంది. ఈ కిటుకు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ చేసే ఆయన చెప్పారు. సఫారీ వాహనం మెట్టు ఎత్తుగా ఉంటుంది కనుక ఒకరు వెనుక నుంచి చంకల కింద చేతులు పోనిచ్చి, మరొకరు మోకాళ్ల కింద పట్టుకుని ఎత్తే పద్ధతి కూడా ఆయనే నేర్పారు. తొమ్మిదో తరగతి పిల్లలు బడి వరండాలో వారం రోజులు ఒకరినొకరు ఎత్తుకుని అభ్యాసం చేశారు, నన్ను కూడా ఎత్తుతామన్నారు.

మాకు దారి చూపిన చెంచు యువకుడు నల్లమద్ది చెట్టు దగ్గర ఆగినప్పుడు చూపు లేని అబ్బాయి బెరడు మీద రెండు అరచేతులూ ఆనించి చాలాసేపు తడిమాడు. గడులు గడులుగా పగిలిన ఆ బెరడును అందరూ మొసలి వీపుతో పోలుస్తారు. నేనూ పోల్చాను. "మొసలిని ఎన్నడు ముట్టిన మేడమ్?" అన్నాడు వాడు. తరువాత తనంతట తానే, ఎండిన చెరువులో నెర్రెలిచ్చిన మట్టిలా ఉందన్నాడు.

ఫర్హాబాద్ కొండ అంచుకు చేరగానే పిల్లలందరూ "అబ్బ, ఎంత బాగుందో" అని అరిచారు. వాడికి కోపం వచ్చింది. "బాగుందంటే ఏముంది? చెప్పుండ్రి" అని నిలదీశాడు. ఎవరికీ మాట రాలేదు, నాకు కూడా. చివరికి కుర్చీ అమ్మాయి చెప్పింది. "మన ఊరి చెరువు కట్ట మీద నిలబడ్డవ్ అనుకో. నీళ్లు లేవు, అన్ని చెట్లే. అసొంటి చెర్లు వంద ఒకదాని పక్కన ఒకటి పెట్టినట్టుంది. ఆ కొసన కొండలు బూడిద రంగుల ఉన్నయి." బూడిద రంగంటే ఏమిటని వాడు, చలిమంట ఆరిపోయిన తెల్లారి పొయ్యిలో చేయి పెట్టినట్లని ఆమె, వాళ్లిద్దరూ అట్లా వాదించుకుంటూనే ఉన్నారు. పులి కనబడలేదు, చుక్కల జింకలు కనబడ్డాయి. మడమ బెణికినవాడు వాహనం దిగలేదు.

రాత్రి తొమ్మిది తరువాత శ్రీశైలం దారిలో అడవి మీదుగా వాహనాలను వదలరు కనుక చీకటి పడక ముందే తిరుగుముఖం పట్టాము. స్టాంపు పేపర్లు రెండూ అట్లాగే నా బల్ల సొరుగులో ఉన్నాయి, అమ్మినవాడు వెనక్కి తీసుకోనన్నాడు.

సోమవారం ఇంటర్వెల్‌లో అమ్మాయి కుర్చీ తోసుకుంటూ స్టాఫ్ రూము గుమ్మం దాకా వచ్చింది. "మేడమ్, మల్లెలతీర్థం మెట్లు సరిగ్గ ఎన్ని?" అని అడిగింది. మూడు వందల పైచిలుకు అన్నాను. "దిగుడు సులువే. ఎక్కుడుకే ఎంతమంది గావాల్నో లెక్క జూడుండ్రి" అని చెప్పి తరగతికి వెళ్లిపోయింది.