పొగ లేకుండా బ్లాకెన్డ్ చేప

1980ల్లో అమెరికాలోని లూసియానాకు చెందిన పాకశాస్త్రజ్ఞుడు పాల్ ప్రుడోమ్ ప్రాచుర్యంలోకి తెచ్చిన బ్లాకెన్డ్ చేపను (మసాలా పూత నల్లబడేదాకా వేయించిన చేపను) అసలు పద్ధతిలో వండాలంటే, కరిగించిన వెన్నలో ముంచి మసాలా పట్టించిన ముక్కను పొగలు కక్కే ఇనుప పెనం మీద వేయాలి. రుచి అద్భుతమే కానీ, పని ముగించుకుని వచ్చిన సాయంత్రం ఇంటిని పొగతో నింపుకోవడం నాకు ఇష్టముండదు కనుక ఎయిర్ ఫ్రయర్‌నే ఆశ్రయిస్తాను.

పాప్రికా, కారం, మిరియాల పొడి, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, థైమ్, ఒరెగానో, ఉప్పు కలిపితే మసాలా సిద్ధమవుతుంది. అసలు శ్రద్ధ పెట్టవలసింది తడి విషయంలో: ముక్కల మీద నీరు మిగిలితే, వేడిగాలి ముందు దానిని ఆవిరి చేయడానికే సరిపోతుంది, ఈలోగా లోపలి భాగం ఉడికిపోయి, పైపొర మాత్రం వేగకుండా మెత్తగానే ఉండిపోతుంది. అందువల్ల తడిని పూర్తిగా అద్ది, నూనె రాసి, మసాలాను వేళ్లతో నొక్కి పట్టించాలి. వదులుగా చల్లితే ఫ్యాన్ గాలికి ఎగిరిపోతుంది. 200 డిగ్రీల సెల్సియస్ వద్ద, సుమారు 2.5 సెంటీమీటర్ల మందం ఉన్న ముక్కకు 8 నుంచి 10 నిమిషాలు పడుతుంది. లోపలి ఉష్ణోగ్రత 63 డిగ్రీలకు చేరితే చాలు. పెనం మీద వచ్చేంత నలుపు ఇందులో రాదు, ముదురు ఎరుపు రంగే వస్తుంది. నలుపు కోసం ఇంకొంతసేపు ఉంచితే చేప ఎండిపోవడమే మిగులుతుంది.