అంతర్వేది ఒడ్డున రాజుకున్న నిప్పు

నరసాపురం రేవులో పంటి (మనుషులనూ బళ్ళనూ గోదావరి దాటించే పడవ) మీద కారుకు తీసుకునే రుసుము మళ్ళీ పెరిగింది. సఖినేటిపల్లి ఒడ్డున కొబ్బరి చెట్టు కిందే నిలబడి తాగిన బొండానికి 40 రూపాయలు ఇవ్వవలసి వచ్చినప్పుడు, కోనసీమ కాయకు కోనసీమలోనే ఇంత ధర ఏమిటని మనసు చివుక్కుమంది. భీష్మ ఏకాదశి కల్యాణం ముగిసి నెల దాటడం వల్ల అంతర్వేదిలో రద్దీ లేదు. స్వామి దర్శనం తీరికగా అయింది. మధ్యాహ్నం ఎండ తగ్గాక, గోదావరి పాయ అయిన వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు నుంచి తూర్పుగా ఒడ్డు వెంట నడక మొదలుపెట్టాను.

ఇసుక మీద మొదట కనిపించినవి చక్రాల గాడులు. నా చిన్నతనంలో ఈ ఒడ్డున వలలు లాగేవారి అడుగులు తప్ప మరేవీ ఉండేవి కావు. ఇప్పుడు మోకాలి లోతు చాళ్ళు అలల అంచు నుంచి ఇసుక దిబ్బల మీదుగా సరుగుడు తోటల దాకా పోయాయి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరం ఇది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ఆ జీవి ఒక్కో గుంటలో సుమారు నూరు గుడ్లు పెడుతుంది. బొటనవేలంత పిల్ల గుడ్డు పగిలి సముద్రం వైపు పాకేటప్పుడు ఇంత లోతు గాడిలో పడితే పైకి రాగలదా అని ఆలోచిస్తుండగానే, లావు టైర్ల జీపులు రెండు నన్ను దాటుకుని దిబ్బ ఎక్కాయి.

దిబ్బకు అవతల రెల్లు నిలువెల్లా ఎండి ఉంది. ఒక జీపు అందులో దిగబడింది. కుర్రవాళ్ళు ఇంజను అరిపించి, ముందుకూ వెనక్కూ ఊపి, చివరకు తాడు కట్టి లాగుకుని, కేకలు వేసుకుంటూ వెళ్ళిపోయారు. పది నిమిషాలకు ఆ చోటి నుంచే పొగ లేచింది.

వాళ్ళు అగ్గిపుల్ల గీయలేదు, సిగరెట్టు పారేయలేదు. నేను చూస్తూనే ఉన్నాను. బండి కింద పొగగొట్టంలో ఉండి పొగను శుభ్రం చేసే కన్వర్టరు మామూలుగా నడిచేటప్పుడే 400 డిగ్రీలు దాటుతుంది. 2020 ఏప్రిల్ తరువాత బీఎస్-6 అనే కాలుష్య నియమాల ప్రకారం వచ్చిన డీజిలు బళ్ళలో మసిని పట్టే ఫిల్టరు, ఆ మసిని తానే కాల్చుకునేటప్పుడు దాదాపు 600 డిగ్రీలకు చేరుతుంది. తారు రోడ్డు మీద ఆ వేడి గాలికి పోతుంది. ఇసుకలో దిగబడిన బండికి మాత్రం పొట్ట గడ్డికి ఆనుతుంది, ఇంజను అరిచిన కొద్దీ వేడి పెరుగుతుంది, కింద ఇరుక్కున్న ఎండు పోచ రాజుకుని, బండి కదిలాక నేల మీద రాలుతుంది. కాలిఫోర్నియాలో అటవీ భూముల మీద తిరిగే మోటారు సైకిళ్ళ వంటి బళ్ళకు నిప్పురవ్వలను ఆపే సాధనం ఉండి తీరాలని చట్టమే ఉంది. మన ఒడ్డున అటువంటి ఊహ కూడా ఎవరికీ వచ్చినట్లు లేదు.

దక్షిణపు గాలి మంటను సరుగుడు తోట వైపు నెట్టింది. తోట వెనుక గడ్డివాములు, వాటి వెనుక తాటాకిళ్ళు. తోట కాపలా మనిషీ, మేకలు కాస్తున్న ఇద్దరు ఆడవాళ్ళూ పచ్చి కొమ్మలు విరిచి మంట అంచును బాదడం మొదలుపెట్టారు. నేను చేతులతోనే ఇసుక చల్లాను. ఫైరింజను ఎంత త్వరగా బయలుదేరినా ఆ ఇసుకలోకి వచ్చే వీలు లేదు. గంటన్నరకు మంట ఆగింది. అరెకరం రెల్లు, అంచున పాతిక సరుగుడు మొక్కలు నల్లబడ్డాయి.

నేను వెళ్ళబోతుంటే ఆ ఇద్దరిలో పెద్దావిడ ఆపింది. "ఆరిపోయిందనుకోకండి బాబూ. అడుగున ఆకు రాజుకుంటానే ఉంటాది. రాత్రికి గాలొస్తే మళ్ళీ లేస్తాదండి, ఆయ్" అంది. ఇదివరకు పొయ్యిలోకి సరుగుడు ఆకు ఊడ్చుకుపోయేవారమనీ, ఇంటింటా గ్యాసు వచ్చాక ఊడ్చేవాళ్ళు లేక జానెడు మందాన పేరుకుపోయిందనీ చెప్పింది. పాశర్లపూడి బ్లోఅవుట్, అదే గ్యాసు బావి ఎగదన్ని అంటుకున్న మంట, గుర్తుందా అని అడిగాను. 1995 జనవరిలో లేచి రెండు నెలలకు పైగా మండిన ఆ మంట వెలుగును మా ఊరి డాబా మీద నుంచి రాత్రిళ్ళు చూసి భయపడిన పిల్లవాణ్ణి నేను. "అది భూమిలోంచి వచ్చింది బాబూ. ఇది ఆళ్ళు తెచ్చి పెట్టి పోయారు" అని, ఆవిడ కర్రతో ఆకు తిరగేయడం మొదలుపెట్టింది.

పొగ కనిపించిన చోటల్లా నేను బిందెతో నీళ్ళు పోశాను. బోరు రెండు వందల అడుగుల దూరం; ఎన్నిసార్లు తిరిగానో లెక్కపెట్టలేదు. చీకటి పడ్డాక కాపలా మనిషి చాప తెచ్చుకుని అక్కడే పడుకున్నాడు. చివరి పంటి వెళ్ళిపోయింది. దిండి దాకా పోయి చించినాడ వంతెన మీదుగా ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అయింది.