పెద్ద కెమెరా ఉన్నవాడి మీదే అనుమానం

మెడలో పెద్ద కెమెరా వేసుకుని రోడ్డు పక్కన కాసేపు నిలబడితే చాలు, ఎవరో ఒకరు వచ్చేస్తారు. "ఏం తీస్తున్నావ్? ఎందుకు? ఏదీ, చూపించు." పక్కనే ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తున్నవాళ్ల జోలికి మాత్రం పోరు. నన్ను నిలదీసే ఆయన కూడా ఆ వీడియోల్లో పడుతూనే ఉంటాడు! దొంగచాటుగా తీయాలనుకున్నవాడు కిలోన్నర లెన్స్ మోసుకుని అందరికీ కనిపించేలా నిలబడతాడా?

అలాగని ఈ అనుమానం ఉత్తపుణ్యానికి పుట్టింది కాదు. ఒకప్పుడు ఫోటో తీయించుకోవాలంటే కెమెరా ముందు కదలకుండా కూర్చోవాలి. ఆ కూర్చోవడమే ఒప్పుకోలు. 1888లో కొడాక్ చేతిలో పట్టుకుని తీసే కెమెరా తెచ్చింది. ఎదుటివాడికి తెలియకుండానే క్లిక్‌మనిపించడం ఎవరికైనా సులువైపోయింది. 1890లో వారెన్, బ్రాండైస్ అనే అమెరికన్ లాయర్లు ప్రైవసీ హక్కు గురించి రాసిన వ్యాసంలో సరిగ్గా ఈ మార్పునే ఎత్తిచూపారు.

మా ఫోటోగ్రాఫర్లూ తక్కువవాళ్లేం కాదు. వాకర్ ఎవాన్స్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ 1938 నుంచి 1941 దాకా న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో కోటు లోపల కెమెరా దాచి, ఎదురుగా కూర్చున్నవాళ్లను తీశాడు. గొప్ప ఫోటోలే, ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. కానీ ఆ పని చేయడానికి నాకు మనసొప్పదు. వాళ్లలో ఎవరికీ "ఏం తీస్తున్నావ్" అని అడిగే అవకాశమే లేదు కదా.

చట్టం నా వైపే ఉందని వాదించి లాభం లేదు. చోటును బట్టి అదీ మారిపోతుంది. క్యూబెక్‌లో మెట్ల మీద కూర్చున్న ఒక అమ్మాయి ఫోటోను అడక్కుండా పత్రికలో వేసినందుకు పరిహారం కట్టాల్సిందేనని 1998లో కెనడా సుప్రీంకోర్టు తేల్చింది. అయినా రోడ్డు మీద ఒక తల్లి "మా పాప ఫోటో ఎక్కడ పెడతావ్?" అని అడిగితే సెక్షన్లు చదువుతామా? పిల్లల ముఖాలు కనిపించేవి ఆన్‌లైన్‌లో పెట్టనని చెప్తాను. నిజంగానే పెట్టను.

ముందే అడిగి తీస్తే అందరూ బిగుసుకుపోతారు, ఫోటో చచ్చిపోతుంది. అందుకని తీశాకే దగ్గరికెళ్లి స్క్రీన్ చూపిస్తాను. వద్దంటే వాళ్ల ముందే డిలీట్ చేస్తాను. ఎక్కువమంది అంతదాకా పోరు. "ఇందులో లావుగా ఉన్నాను, ఇంకోటి తియ్యి" అంటారు.