టోక్యో టీవీలో హిదే

1998 మే మొదటి వారంలో టోక్యోలో టీవీ పెడితే ఏ ఛానెల్ తిప్పినా ఒకే మనిషి. గులాబీ రంగు జుట్టు, గుండె బొమ్మలున్న పసుపు గిటార్, పెద్ద నవ్వు. పేరు హిదే. ఎక్స్ జపాన్ అనే రాక్ బ్యాండ్‌లో లీడ్ గిటారిస్టు. మే 2 శనివారం పొద్దున చనిపోయాడు, 33 ఏళ్లకే. ప్రవాసం కబుర్లంటే అందరం జీతాలు, వీసాలు, పిల్లల స్కూళ్లు రాసుకుంటాం, అవీ అవసరమే, కానీ జపాన్‌లో ఉద్యోగం ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ వారం టీవీలో వచ్చిన నివాళి కార్యక్రమాలే.

అప్పట్లో వై2కె పని మీద, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీల లెక్క తప్పకుండా సరిచేసే పని మీద, మనవాళ్లు ఎక్కువ మంది అమెరికా పోతుంటే కొద్దిమందిమి జపాన్ వచ్చాం. టోక్యోలో కయాబాచో అనే చోట ఒక ఆర్థిక సంస్థ, వాళ్ల మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్, అందులో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో ఎప్పటెప్పటివో ప్రోగ్రాములు. సంవత్సరానికి రెండంకెలే పెట్టిన చోటల్లా వెతికి సరిచేయాలి. అమెరికా వెళ్లినవాళ్లకు లేని చిక్కు మాకు ఇంకోటుండేది, కొన్ని ఫైళ్లలో సంవత్సరం ఇంగ్లిష్ లెక్కలో ఉండదు, చక్రవర్తి ఏలుబడి లెక్కలో ఉంటుంది, అంటే 1998ని హేసేయ్ 10 అని రాస్తారు. ప్రోగ్రాముల మధ్య రాసిపెట్టిన వివరణలన్నీ కటకానా అనే జపాన్ అక్షరాల్లో. వాటిని రాసినవాళ్లు చాలామంది రిటైరయ్యారు, అడగడానికి మనిషి ఉండడు.

ఆఫీసుల్లో కూడా దిగులుగానే ఉండేది. అంతకుముందు నవంబరులోనే యమాయిచి సెక్యూరిటీస్ మూతపడింది, దాని హెడ్డాఫీసు మేం పనిచేసే చోటికి దగ్గరే. ఆ కంపెనీ ప్రెసిడెంటు కెమెరాల ముందు నిలబడి ఏడుస్తూ, ఉద్యోగుల తప్పేమీ లేదని చెప్పిన దృశ్యం నెలల తరబడి టీవీలో వేస్తూనే ఉన్నారు. జపాన్ వాళ్లు ఎదుటివాళ్ల ముందు ఏడవరని మాకు ఇండియాలో ట్రైనింగ్‌లో చెప్పి పంపారు.

నిషి కసాయ్‌లో ఉండేవాళ్లం. ఇప్పుడక్కడ ఇండియన్ స్కూళ్లు, సరుకుల షాపులు అన్నీ ఉన్నాయి, అప్పుడు మాత్రం కందిపప్పు కావాలన్నా ఉయెనో దాకా పోవాల్సిందే. మాకు ముందు ఆ ఫ్లాట్‌లో ఉన్నవాళ్లు వదిలేసి వెళ్లిన చిన్న టీవీ ఒకటి ఉండేది. జపాన్ జాతీయ ఛానెల్ ఎన్‌హెచ్‌కేలో రాత్రి ఏడు గంటల వార్తలకు రిమోట్‌లో ఒక బటన్ నొక్కితే ఇంగ్లిష్ వినిపించేది, మాకు ప్రపంచం తెలిసేది ఆ అరగంటే. మిగతా ఛానెళ్లన్నీ జపనీస్. అయినా చూసేవాళ్లం, రూంలో మనిషి గొంతు వినపడుతుంటే అదో ధైర్యం.

అవి గోల్డెన్ వీక్ సెలవులు, మే మొదట్లో జపాన్ అంతటా వరసగా వచ్చేవి. ఆఫీసు మూసేస్తారు, రైళ్లు, హోటళ్లు అన్నీ ఖరీదు, ఇంటికి డబ్బు పంపాలి కాబట్టి ఎటూ కదలం. అందుకని ఆ శనివారం వార్త వచ్చినప్పటి నుంచీ అన్నీ చూశాను. వార్తల్లో చెప్పారు, పగలు ఆడవాళ్లు చూసే వైడ్ షోల్లో చెప్పారు, రాత్రి పాత కచేరీలు వేశారు. తెర నిండా పెద్దపెద్ద కంజీ అక్షరాలు, మధ్యలో అతని పేరు మాత్రం నాలుగు చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో. 1997 డిసెంబరు 31న టోక్యో డోమ్‌లో ఆ బ్యాండ్ ఆఖరి కచేరీ, అదే రాత్రి ఎన్‌హెచ్‌కే వాళ్ల కోహాకు పాటల పోటీలో ఆఖరిసారి కనిపించడం, ఈ రెండూ మార్చి మార్చి చూపించారు. కోహాకు అంటే ఏడాది చివరి రాత్రి జపాన్‌లో ముసలివాళ్ల నుంచి పిల్లల దాకా కూర్చుని చూసే కార్యక్రమం. అందులో పాడి బ్యాండ్ విడిపోయి నాలుగు నెలలే అయింది.

మే 7న అంత్యక్రియలు. గురువారం, మేం మళ్లీ పనిలో ఉన్నాం. త్సుకిజి హోంగంజి గుడి మా ఆఫీసు నుంచి హిబియా లైన్‌లో రెండో స్టేషను. రాత్రి రూంకి వచ్చి టీవీ పెట్టగానే ముందు నన్ను పట్టేసింది ఆ గుడి ముఖద్వారం. అచ్చం మన బౌద్ధ చైత్యం. మా ఏలూరు వైపు గుంటుపల్లి గుహల దగ్గర రాతిలో తొలిచిన కమాను ఉంటుంది చూడండి, అదే ఆకారం, ఇంకా పెద్దగా, టోక్యో నడిబొడ్డున. తర్వాత తెలుసుకున్నాను, 1923 భూకంపంలో పాత గుడి కాలిపోతే ఇతో చూతా అనే ఆర్కిటెక్టు, ఇండియా అంతా తిరిగి చూసినవాడు, మన ప్రాచీన బౌద్ధ కట్టడాల పద్ధతిలో దీన్ని లేపాడు, 1934కి పూర్తయింది. టీవీలో మైకు పట్టుకున్నవాళ్లు ఎవరూ ఈ సంగతి చెప్పలేదు, వాళ్లకది అవసరం లేదు. నాకు మాత్రం ఆ కమాను కింద నల్లబట్టలు వేసుకుని క్యూలో నిలబడ్డ పిల్లలు ఒక్కసారిగా మనవాళ్లలా కనిపించారు.

వచ్చింది సుమారు 50,000 మంది. స్కూలు యూనిఫాంలో పిల్లలు, జుట్టుకు గులాబీ రంగు వేసుకున్నవాళ్లు, టై కట్టుకుని ఆఫీసు నుంచి నేరుగా వచ్చినవాళ్లు. హెలికాప్టర్ నుంచి చూపిస్తే ఆ జనం గుడి దాటి రోడ్ల వెంట సాగుతూ కనిపించారు. లోపల బ్యాండ్ నాయకుడు యోషికి పియానో వాయిస్తుంటే గాయకుడు తోషి పాడాడు. ఆ బ్యాండ్ విడిపోవడానికి కారణమే తోషి బయటికి పోవడం, అతనే వచ్చి స్నేహితుడి ఫొటో ముందు పాడుతున్నాడు. ఆ పాటలో ఒక్క మాట అర్థం కాకపోయినా నేను తినే పళ్లెం పక్కన పెట్టేశాను.

పొద్దున ఆఫీసులో ఎవరూ ఈ ఊసే ఎత్తలేదు. అలారం మోగగానే అందరూ లేచి ఎక్సర్‌సైజులు, ఆ తర్వాత పని. పరిపాలన విభాగంలో ఒకావిడ ఉండేది, మా వీసా కాగితాలు, రైలు పాసులు చూసేది, ముప్పై దాటి ఉంటాయి, ఎప్పుడూ నేవీ బ్లూ సూటులో గొంతెత్తకుండా మాట్లాడేది. ముందురోజు ఆమె సెలవు. మధ్యాహ్నం కాగితం మీద సంతకం పెట్టించుకోవడానికి వచ్చినప్పుడు, నిన్న రాత్రి త్సుకిజి చూశానండీ టీవీలో, అన్నాను వచ్చీరాని జపనీస్‌లో. ఆమె కళ్లు ఒక్కసారిగా నిండిపోయాయి. నిలబడే మాట్లాడింది, నేను సగం గ్రహించాను, మిగతా సగం డిక్షనరీ తీసి చూపించింది. హిదేది యోకోసుకా అట, అమెరికా నేవీ స్థావరం ఉన్న ఊరు. చిన్నప్పుడు లావుగా ఉండి ఒంటరిగా ఉండేవాడట, పదిహేనేళ్లప్పుడు వాళ్ల నానమ్మ గిటార్ కొనిపెట్టిందట. హెయిర్ డ్రెస్సింగ్ నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. ఆ విచిత్రమైన జుట్లన్నీ ఊరికే వేషం కాదు, అది తెలిసిన పనివాడి చెయ్యి అని చెప్పేటప్పుడు ఆమె గొంతులో గర్వం.

మీ దేశంలో కూడా ఇలాగే చేస్తారా అని అడిగింది. రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో ఎన్టీఆర్ పోయినప్పటి సంగతి చెప్పాను, జనవరి చలిలో లారీలెక్కి, బస్సులెక్కి వచ్చిన జనం, బోరున ఏడుపులు, గొంతు చించుకుని అరిచే పేర్లు. మీరు అరుస్తారా, అంది. అవునండీ అన్నాను. మంచిది, అంది.

టీవీ వాళ్ల మీద నాకు కోపం కూడా ఉంది, అది చెప్పకుండా దాటేయలేను. ఏడుస్తున్న పిల్లల ముఖాలను దగ్గరగా పట్టి, అవే ముఖాలను పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వేశారు. పదహారేళ్ల పిల్లకు జీవితంలో అతి కష్టమైన క్షణాన్ని సబ్బుల ప్రకటనల మధ్య ఇరికించారు. ఆ రోజుల్లో కొందరు అభిమానులు తట్టుకోలేక ప్రాణాల మీదికి తెచ్చుకున్నారు కూడా, దాంతో బ్యాండ్ వాళ్లే మీడియా ముందుకు వచ్చి అలాంటి పని చేయకండని వేడుకోవాల్సి వచ్చింది. హిదే మరణం ఎలా జరిగిందనే దాని మీద పోలీసులది ఒక మాట, దగ్గరివాళ్లది ఇంకో మాట. స్టూడియోలో నలుగురు కూర్చుని దాన్ని రోజుల తరబడి తవ్వడం నివాళి అనిపించుకోదు. పాత పాటలు కోత లేకుండా వేసిన రాత్రి కార్యక్రమాలే నివాళి.

మే 11న పోఖ్రాన్‌లో ఇండియా అణుపరీక్షలు. మే 13న మళ్లీ పేలుళ్లు. హిదే ముఖం ఉన్న తెర మీదికే వాజ్‌పేయి వచ్చారు, ఆ వెంటనే హిరోషిమా, నాగసాకి వృద్ధులు వచ్చారు. జపాన్ ప్రభుత్వం కొత్త సాయాలు ఆపేసింది. కార్డు కొనుక్కుని బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ఉత్సాహంగా, మనవాళ్లు బాంబు పేల్చార్రా, అక్కడేమనుకుంటున్నారు, అన్నాడు. ఇక్కడ ముసలివాళ్లు ఏడుస్తున్నారు నాన్నా, అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత నువ్వు జాగ్రత్తరా అన్నాడు. ఆఫీసుకు వెళ్లాలంటే టెన్షన్. ఎవరేమంటారో, పని ఏమవుతుందో. మా కచో, అంటే సెక్షన్ హెడ్డు, నన్ను పక్కకు పిలిచి మ్యాపు తెరిచి, మీ అమ్మానాన్నలుండే ఊరు ఆ ఎడారికి దూరమేనా, అని అడిగాడు. దూరమేనని వేలితో చూపించాను. అయితే సరే అని మ్యాపు మూశాడు. ఆ ప్రాజెక్టులో ఇండియా గురించి నన్ను ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో అంత మంచిది ఇంకోటి లేదు.

ఆ 13వ తేదీనే హిదే కొత్త పాట 'పింక్ స్పైడర్' విడుదలైంది. పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. నాకు ఇంకా పట్టు దొరికింది నవంబరులో వచ్చిన 'జా, జూ' ఆల్బంలో. సగంలో ఆగిన పనిని అతనితో కలిసి కంప్యూటర్ ప్రోగ్రామింగ్ చేసే ఐ.ఎన్.ఎ. అనే సహచరుడు, బ్యాండ్ మిత్రులు కలిసి పూర్తి చేశారు. గొంతు రికార్డయిన పాటలకు అతను వదిలిన గుర్తులను బట్టి మిగతాది కట్టుకుంటూ పోయారు. పగలంతా వెళ్లిపోయినవాళ్ల కోబాల్ చదువుతూ, ఇక్కడ ఈ లైను ఎందుకు పెట్టి ఉంటాడా అని ఆలోచించే నాకు, వాళ్లు ఎంత ఓపికగా కూర్చుని ఉంటారో తెలుసు. గొంతు రికార్డు కాని ఒక పాట అలాగే ఉండిపోయింది, దాన్ని 2014లో యమహా వాళ్ల వోకలాయిడ్ టెక్నాలజీతో అతని పాత రికార్డింగుల నుంచి గొంతు తయారుచేసి విడుదల చేశారు. విన్నాను. వాళ్ల ప్రేమ అర్థమైంది కానీ నాకు ఆ పాట వద్దనిపించింది, లేనిది లేనట్టే ఉంచితే బావుండేది.

నేను తిరిగొచ్చే ముందు పరిపాలన విభాగంలో ఆవిడ ఒక వీడియో క్యాసెట్ ఇచ్చింది. ఆ వారం టీవీ అంతా మూడు రెట్లు ఎక్కువ పట్టేలా స్లో స్పీడులో రికార్డు చేసుకుని, నాకోసం కాపీ తీసింది. హైదరాబాద్‌లో మా వీసీఆర్‌లో పెడితే బొమ్మ నలుపు తెలుపుల్లో పైకీ కిందికీ దొర్లేది, టీవీ బొమ్మ పద్ధతి రెండు దేశాల్లో వేరు, జపాన్‌ది ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. చాలా ఏళ్ల తర్వాత డిజిటల్‌లోకి మార్పించాను. ప్రకటనలు, తెర మూలన గడియారం, మధ్యలో భూకంపం వచ్చినట్టు పైన ఒక వరుస అక్షరాలు, అన్నీ ఉన్నాయి. ఆ వారం టోక్యో మొత్తం అందులో ఉంది.

ఆ రోజుల్లో జపాన్‌లో పనిచేసి, అప్పటి టీవీ రికార్డింగులు ఇంట్లో ఉన్నవాళ్లు దయచేసి పట్టించుకోండి. వీహెచ్ఎస్ టేపుకు తేమ తగిలితే తెల్లటి బూజు పడుతుంది, అలాగే ప్లేయర్‌లో పెడితే టేపుతో పాటు హెడ్ కూడా పాడవుతుంది. జపాన్‌లో ఫునాయ్ కంపెనీ వీసీఆర్‌ల తయారీ 2016 జులైలో ఆపేసింది, బాగా నడిచే మిషన్లు తగ్గిపోతున్నాయి. ముందు బూజు తుడిపించండి, తర్వాత కాపీ తీయించండి, ప్రకటనలు మాత్రం కోసేయకండి.